ముందు చక్రాల వణుకు

మా జీపు వస్తోందంటే మలుపు తిరగకముందే ఊరికి తెలిసిపోయేది. హారన్ వల్ల కాదు. ముందు కమాన్ల దగ్గర టకటకమని ఒక చప్పుడు ఉండేది. ఆ చప్పుడు విని సంతకు వెళ్లేవాళ్లు బుట్టలు ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. మేమంటే ఇద్దరన్నదమ్ములం. ఆ చప్పుడు మా బండి గుర్తు అనుకుని గర్వంగా కూడా ఉండేవాళ్లం. అరిగిపోయిన ఇనుము మొత్తుకుంటోందని అప్పుడు తెలియదు.

అది ఎత్తు బానెట్ ఉన్న పాత మహీంద్రా, సీజే 3బి రకం. అమెరికా సైన్యం కోసం 1941లో విల్లీస్ కంపెనీ చేసిన జీపు వంశమే. మన దేశంలో మహీంద్రా వాళ్లు 1940ల చివర బొంబాయిలో ఆ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మా బండిని నాన్న ప్రభుత్వ వేలంలో కొన్నాడు. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టించాడు. పాడేరు చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి సంతకు పసుపు, చింతపండు, పిప్పళ్లు, మనుషులు, మేకలు, అన్నీ దాని మీదే. ఆరుగురు కూర్చునే బండిలో పన్నెండు మందిని ఎక్కించిన రోజులు ఉన్నాయి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. బండి అరగడానికి మొదటి కారణం అదే.

ఏడాదిగా ఒక జబ్బు పట్టుకుంది. నలభై వేగంలో చిన్న గుంటలో పడితే చాలు, ముందు చక్రాలు రెండూ గజగజ వణికేవి. స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు కొట్టుకునేది. బండి దాదాపు ఆగితే తప్ప వణుకు ఆగేది కాదు. నాన్నకు చెబితే, "ముసిలి బండిరా, వణకదేటి?" అన్నాడు. పల్లంలో ఒక షెడ్డుకు తీసుకెళితే అక్కడి మేస్త్రి కింద చూడకుండానే కమాన్లు దిగిపోయాయని చెప్పి, ఒక్కో వైపు రెండేసి ప్లేట్లు ఎక్కించి పంపాడు. బండి ముక్కు పైకి లేచింది. చూడటానికి బలంగా కనబడింది. వణుకు మాత్రం అలాగే ఉంది. పైగా ఖాళీగా వెళితే బండి కప్పలా గెంతేది.

ఆ వానాకాలం ఒక రాత్రి, రోడ్డు లేని పై ఊరి నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారు. మాకు వదిన వరస. వెనక చాప పరిచి పడుకోబెట్టి పాడేరు బయలుదేరాం. కల్వర్టు దగ్గర చక్రం గుంటలో పడింది, వణుకు మొదలైంది. ఒక పక్క లోయ. ఇద్దరం కలిసి స్టీరింగ్ పట్టుకుంటే అంచుకు రెండు మూరల దూరంలో ఆగింది. ఆ తర్వాత ఎడ్లబండి నడకే. బిడ్డ క్షేమంగానే పుట్టింది. నెల తర్వాత బావి దగ్గర వదిన నవ్వుతూ అంది: "నొప్పులకంటే మీ బండే ఎక్కువ ఏడిపించినాది రా."

మేం నవ్వలేకపోయాం. ఆమెను ఏడిపించినవి మేం డబ్బిచ్చి ఎక్కించుకున్న ఆ ప్లేట్లు. వణుకు సంగతి మాకు ఏడాదిగా తెలుసు. తెలిసీ జనాన్ని ఎక్కించుకున్నాం.

పక్క ఊళ్లో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు, ఒకప్పుడు జీపుల మీదే బతికినవాడు. తాతా అని పిలుస్తాం. ఆయన వచ్చి ముందు బీడీ కాల్చాడు, తర్వాత జాకీతో ఒక చక్రం లేపించాడు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపమన్నాడు. కటకటమని ఆడింది. తమ్ముణ్ని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపించాడు. బ్రేకు తొక్కితే ఆట ఆగిపోతే తప్పు చక్రం బేరింగులో ఉన్నట్టు. తొక్కినా ఆడితే కింగ్ పిన్ బేరింగుల్లో. మాది ఆడింది. తర్వాత ఒకరం స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరం కింద పడుకుని ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూశాం. టై రాడ్ కొనలు వదులు. బెల్ క్రాంక్ బేరింగు పొడి అయిపోయింది. షాకిల్ బుష్‌ల లోపలి మరలు అరిగి నున్నగా ఉన్నాయి. గ్రీజు నిపిళ్లు మట్టితో మూసుకుపోయి ఎన్నేళ్లయిందో!

"కమానుది తప్పు కాదురా, కీళ్లది" అన్నాడు తాత. ముసలివాళ్లకు మోకాళ్లు నొప్పి పెడితే భుజానికి కట్టు కట్టినట్టు మేం ప్లేట్లు ఎక్కించుకున్నాం.

కాఫీ పండ్లు అమ్మిన డబ్బుతో విశాఖ వెళ్లి సామాను తెచ్చాం. నాలుగు రోజులు పట్టింది. షాకిళ్లు విప్పేటప్పుడే మొదటి దెబ్బ. కొన్ని బుష్‌లకు మర ఎడమవైపు తిరుగుతుంది. తమ్ముడికి అది తెలియదు, బలమంతా పెట్టి బిగించేవైపే తిప్పి ఒకటి విరగ్గొట్టాడు. తాత తిట్టలేదు. విరిగిన ముక్క చేతిలో పెట్టి మర ఎటు తిరిగిందో గోటితో చూడమన్నాడు.

అసలు పని కింగ్ పిన్ల దగ్గర. కొత్త బేరింగులు వేశాక పైమూత కింద రేకుల్లాంటి పలచని షిమ్ములు ఉంటాయి. అవి ఎక్కువైతే వదులు, తక్కువైతే బిగువు. ఎంత బిగువు ఉండాలో ఎలా తెలుస్తుంది? తాత సంతలో చింతపండు తూచే కొక్కెం కాటా తెమ్మన్నాడు. పిన్నిని బతిమాలి తెచ్చాం. టై రాడ్ విప్పి, ఆయిల్ సీలు లేకుండా, ఆ రాడ్ తగిలించే కన్నంలో కొక్కెం వేసి లాగాలి. ఆరు కేజీల దగ్గర కదిలితే సరి. మొదటిసారి మూడు దగ్గరే కదిలింది. ఒక షిమ్ము తీశాం. తొమ్మిదికి పోయింది. తీసినదానికంటే పలచనిది ఒకటి తిరిగి పెట్టాం. ఆరు! ఆశ్రమ పాఠశాలలో స్ప్రింగ్ త్రాసు బొమ్మ ఎన్నిసార్లు గీశామో, మార్కులు కూడా వచ్చాయి. అది ఎందుకు ఉందో ఆ రోజు తెలిసింది. మాస్టార్లు ఇది చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాం, ఒక్కసారి పిల్లల్ని బండి కిందికి తీసుకెళ్లండి.

ఎక్కించిన ప్లేట్లు తీసేశాం. నాన్న ఒప్పుకోలేదు, రోజంతా మాట్లాడలేదు. కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాం. చక్రాల వాలు చూడటానికి వెదురు కర్ర మీద గాట్లు పెట్టి కొలిచాం. చక్రాల మధ్య దూరం వెనక అంచుల దగ్గర కంటే ముందు అంచుల దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. పిన్ని కాటాకు గ్రీజు అంటించి ఇచ్చామని ఇప్పటికీ అంటుంది.

మొదటిసారి ఘాట్ దిగినప్పుడు ఆ కల్వర్టు గుంటలోంచి కావాలనే పోనిచ్చాం. బండి ఒకసారి వంగి లేచింది, అంతే. స్టీరింగ్ మీద ఒక చెయ్యి సరిపోయింది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాం, కొత్తవి కదా, సాగుతాయి. ఇప్పుడు నెలకోసారి గ్రీజు కొడుతున్నాం. ఎనిమిది మందికి మించి ఎక్కించడం లేదు. సంత రోజు అందుకు తిట్లు పడుతున్నాయి, ఆదాయం కూడా తగ్గింది.

వెనక కమాన్లు ఇంకా పాతవే. వచ్చే కాఫీ పండ్లు అమ్మాక చూడాలి. నాన్న అప్పుడే మొదలుపెట్టాడు, "వెనకైనా ఒక ప్లేటు ఉంచండిరా" అని.