సముద్రం దాకా దిగు... మళ్లీ ఎక్కు!

కొండ మీంచి చూస్తే రేవు బొమ్మలా కనిపిస్తుంది. రేవులో తెల్లటి ఫెర్రీ. గోదావరి జిల్లాలవాళ్ల మాటలో చెప్పాలంటే... పంటు. అది బయల్దేరడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. రేవుకి మూడు కిలోమీటర్లు. అంతా దిగుడే. కానీ రోడ్డు తడి. సైకిలు వెనక రెండు పక్కలా గుడారం, బట్టలు, తిండి కుక్కిన సంచులు. బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది, పట్టకపోతే మలుపు తిరగదు. ఫెర్రీని అందుకోవాలా, ఒళ్లు కాపాడుకోవాలా? నార్వే తీరం వెంట సైకిలు తొక్కేవాళ్లకి ఈ ప్రశ్న కొత్తేం కాదు.

స్టైన్‌షెర్ నుంచి ఉత్తరాన ఉన్న బూడో దాకా సాగే 17వ నంబరు రోడ్డది. పొడవు సుమారు 650 కిలోమీటర్లు. మధ్యలో ఆరుసార్లు రోడ్డు నీళ్ల దగ్గర ఆగిపోతుంది. ఆరుసార్లూ ఫెర్రీ ఎక్కాల్సిందే.

సముద్రం పక్క రోడ్డే కదా, చదునుగా ఉంటుందిలే అనుకుంటారు కొత్తవాళ్లు. దూరపు కొండలు నునుపు! మంచుయుగంలో ఈ నేలంతా దట్టమైన మంచు కిందే ఉండేది. ఆ మంచు కదులుతూ కదులుతూ కొండల్ని గోకేసి లోతైన లోయలు చేసింది. మంచు కరిగాక వాటిలోకి సముద్రం చొచ్చుకొచ్చింది. అవే ఫియోర్డులు. రోడ్డు ఒక ఫియోర్డు ఒడ్డున దిగి, కొండెక్కి, ఇంకో ఫియోర్డు ఒడ్డుకు దిగుతుంది. హిమాలయాల్లోలా రోజంతా ఎక్కి ఓ కనుమ చేరి, ‘ఇదిగో గెలిచా’ అనుకునే వీల్లేదు. ఎంత కష్టపడి ఎక్కినా ఫెర్రీ కోసం మళ్లీ సముద్రమట్టానికి రావాల్సిందే. సంపాదించిన ఎత్తంతా రేవులో అప్పజెప్పి, అవతలి ఒడ్డున సున్నా నుంచి మొదలుపెట్టాలి!

మొదటి రెండు మూడు రోజులూ ఇది భలే ఉక్రోషం తెప్పిస్తుంది. పిక్కలు పట్టేస్తాయి. వాన చెప్పాపెట్టకుండా వస్తుంది. నైరుతి గాలి వీపున తోస్తే హాయి. అందుకే చాలామంది దక్షిణం నుంచి ఉత్తరానికే తొక్కుతారు. అదే గాలి పక్కనుంచి కొడితే? 1991లో కట్టిన హెల్గెలాండ్ వంతెన మీద తెలుస్తుంది. కింద ఓడలు వెళ్లాలని 45 మీటర్ల ఎత్తు వదిలి కట్టారు. ఈదురుగాలి వేళ దానిమీద సైకిలు దిగి నడిపించుకెళ్లడం నామోషీ కాదు, తెలివి.

సొరంగాలది ఇంకో కథ. లోపల చలి, చీకటి. వెనకొచ్చే లారీ మోత నాలుగు గోడల్లోంచీ వస్తున్నట్టుంటుంది. ఎర్రలైటు, మెరిసే కోటు లేకుండా వాటిలోకి వెళ్లడమంటే ప్రాణంతో ఆటలే. స్వార్టిసెన్ హిమానీనదం కింద ఉన్న ఏడున్నర కిలోమీటర్ల సొరంగంలోకైతే సైకిళ్లను రానివ్వరు. పడవెక్కి చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఇన్ని అవస్థలకీ బదులుగా ఆ తీరం ఇచ్చేదీ తక్కువేం కాదు. బ్రోన్నోయ్‌సుండ్ పక్కన టోర్గ్‌హాటెన్ కొండ ఉంది. దాని నడుమ 160 మీటర్ల పొడవున ఈ కొస నుంచి ఆ కొసకి పెద్ద బిలం! అలలు, మంచు తొలిచిన పని అది. ఊళ్లోవాళ్ల కథ మాత్రం వేరు. పారిపోతున్న పిల్ల మీదికి ఓ గుర్రపురౌతు బాణం వేశాడట. అడ్డంగా రాజుగారు టోపీ విసిరారట. బాణం టోపీని చీల్చింది... ఇంతలో సూర్యుడొచ్చి అందర్నీ రాళ్లు చేసేశాడట! కిల్బోగ్‌హామ్న్ నుంచి యెక్ట్విక్‌కి గంటసేపు సాగే ఫెర్రీలో కూర్చునే ఆర్కిటిక్ వృత్తాన్ని దాటేయొచ్చు. ఒక్క తొక్కుడూ తొక్కక్కర్లేదు.

పడక గురించీ బెంగ లేదు. సాగులో లేని నేల మీద, ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో గుడారం వేసుకునే హక్కును 1957 నాటి చట్టమే అందరికీ ఇచ్చింది. ఇక బూడో వైపు జూన్ మొదటి వారం నుంచి జులై మొదటి వారం దాకా సూర్యుడు అస్తమించడు. చీకటి పడుతుందన్న తొందరే ఉండదు.

మరి తొందరెందుకు? ఈ సంగతి ఏదో ఒక రేవులో బోధపడుతుంది. మలుపు దగ్గర బ్రేకు పట్టి, నెమ్మదిగా దిగేసరికి ఫెర్రీ కదిలిపోయి ఉంటుంది. తర్వాతిది రెండు గంటలకి. తడిసిన మేజోళ్లు కమ్మీ మీద ఆరేసి, స్టవ్ మీద కాఫీ పెట్టుకుని కూర్చోవడమే. అప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తొక్కామని లెక్కలేసుకున్న మనిషి, మొదటిసారి తలెత్తి ఎదుటి కొండల్ని చూస్తాడు.

బూడో చేరడానికి ముప్ఫై కిలోమీటర్ల ముందు సాల్ట్‌స్ట్రౌమెన్ వస్తుంది. ప్రపంచంలోకెల్లా బలమైన ఆటుపోటు ప్రవాహాల్లో ఒకటి. ఇరుకైన జలసంధిలో ఆరు గంటలకోసారి దిశ మార్చుకుంటూ నీరు సుడులు తిరుగుతుంది. ప్రవాహం నెమ్మదించే కాసేపటి కోసం అక్కడ పడవలూ కాచుక్కూర్చుంటాయి. వంతెన మీద సైకిలు ఆపి చూసే మనిషికి ఆ ఎదురుచూపు వింతగా అనిపించదు. అప్పటికి ఆరు ఫెర్రీల కోసం కాచుకుని ఉన్నాడు మరి!