సాదుకున్న తల్లి

కర్ణుణ్ణి కౌంతేయుడనటానికి మనకు నోరు రాదు; రాధేయుడనే అంటాం. కన్నది కుంతి, పెంచింది రాధ. రాయబారానికి వచ్చిన శ్రీకృష్ణుడు జన్మరహస్యం విప్పి, పాండవుల పక్షాన చేరితే రాజ్యం నీదేనన్నాడు. తనను ఎత్తుకోగానే పాలు చేపిన రాధను వదిలి ఎట్లా రాగలనని కర్ణుడు అడిగాడు.

ఉద్యోగపర్వంలోని యీ ఘట్టం క్లాసులో చెబుతూ వుండగా, పెద్దమందడి వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "యుద్ధమైనంక రాధ ఏమైంది సార్?" అని అడిగింది. కొడుకు కోసం కుంతి ఏడ్చిన ఏడుపు స్త్రీపర్వంలో వున్నది. రాధ ఏడుపును మనం తలచుకున్నదెన్నడు?

అది ఆ పిల్లకు పుస్తకంలోంచి పుట్టిన ప్రశ్న కాదు. తల్లిదండ్రులు గుంపుమేస్త్రి వెంట పనికి పోతే, తాను పెద్దమ్మ దగ్గర పెరిగింది. ఆనకట్టలూ, కాలవలూ, మేడలూ కట్టటానికి పాలమూరు కూలిజనం తరాల తరబడి వలసపోయారు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తిరిగిరావటం వాళ్ల చేతిలో వుండేది కాదు. బడికి పోయే పిల్లల్ని అవ్వ దగ్గరో, చిన్నమ్మ దగ్గరో, ఎవరూ లేకపోతే పక్కింటి ఆమె దగ్గరో వదిలేవారు. యిక్కడ దాన్ని సాదటమంటారు. దత్తత అన్నప్పుడు హోమమూ, ఆస్తీ గుర్తుకు వస్తాయి. సాదుకోవటమన్నప్పుడు అన్నం గిన్నె గుర్తుకు వస్తుంది.

మన నవలల్లో మాత్రం పెంచిన తల్లికి తరచు రెండే వేషాలు. అయితే రాచిరంపాన పెట్టే సవతితల్లి, లేదా త్యాగమూర్తి. ఆఖరి ప్రకరణంలో కన్నతల్లి రాగానే ఆ త్యాగమూర్తి బిడ్డను అప్పగించి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తప్పుకుంటుంది. మనమూ కళ్లు తుడుచుకుని పత్రిక మూసేస్తాం. మర్నాడు పొద్దున ఆమె ఎవరికోసం పొయ్యి రాజేసిందో రాసినవారు అరుదు.

కథలదాకా ఎందుకు, చట్టమూ అట్లాగే వుండేది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, మామూలుగా దత్తత తీసుకునేది భర్త. భార్య చేయవలసిందల్లా సమ్మతించటమే. భర్త సమ్మతితో భార్య కూడా తన పేర దత్తత తీసుకోవచ్చునని 2010లో సవరించారు. అంటే, చట్టం ఆమెను గుర్తించటానికి యాభైనాలుగేళ్లు పట్టింది!

యిటీవలి కథల్లో కొంత మార్పు వచ్చింది. 2015లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఓల్గా 'విముక్త' చూడండి. అందులో అడవిలో వున్న సీతకు శూర్పణఖతో స్నేహం కుదురుతుంది. రక్తసంబంధం లేదు సరిగదా, వున్నది పాతపగ. అయినా ఒకరి బాధ ఒకరికి అర్థమయింది. ఆ మాటకొస్తే లవకుశులు పెరిగింది మాత్రం ఎవరి యింట? వాల్మీకి ఆశ్రమంలోనే గదా!

కుటుంబమంటే నెత్తురు ఒక్కటే కాదని మన పురాణాలకు ఎప్పుడో తెలుసు. పురాణం దాటవేసిన చోటునే నేటి కథ అందుకోవాలి. బిడ్డ తనది కాదని రాధకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ సాదింది. అటువంటి తల్లికి త్యాగమూర్తి అని పేరుపెట్టి సాగనంపితే చాలదు. బిడ్డ మీద ఆమెకు హక్కున్నదా అన్న మాట కూడా కథలో రావాలి. ఆ హక్కు ఆమె నోటనే అడిగించే రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.