కథ కంచికి వెళ్లాలి!

సినిమా చూసి వచ్చినవాణ్ణి "ఎలా ఉందోయ్?" అని అడిగితే "బాగుంది" అనో, "పర్లేదు" అనో, "డబ్బులు దండగ" అనో చెప్పడం లోకంలో ఉన్న రివాజు. 2024 జూన్ 27న "కల్కి 2898 ఏడీ" విడుదలయ్యాక మా హాస్టల్లో ఈ రివాజు కాస్తా మంటగలిసింది. సినిమా బాగుందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. "ఇంతకీ ఇది సైన్సు కథా, పురాణమా?" అన్నదే తగవు. మెస్సులో పప్పు చల్లారిపోయేది గాని వాదన చల్లారేది కాదు.

ఆ సినిమా చూడనివారు మన విద్యార్థుల్లో అరుదే. అయితే అధ్యాపక మహాశయుల్లో ఒకరిద్దరు నిష్ఠాపరులు ఉండవచ్చు గనుక కథను రెండు ముక్కల్లో మనవి చేస్తాను. ఇప్పటికి ఎనిమిది వందల డెబ్బై ఏళ్ల తర్వాతి కాశీ. నీటికీ పచ్చదనానికీ మొహం వాచిన ఊరు. దానిమీద తలకిందులుగా నిలిచిన పిరమిడ్ లాంటి "కాంప్లెక్స్". సుఖాలన్నీ అందులో ఉన్నవాళ్లకే. హీరోకు బుజ్జి అనే మాట్లాడే కారు. ఇదంతా ఒక పక్క. మరో పక్క కురుక్షేత్రం నాటి అశ్వత్థామ, ఇంకా ప్రాణంతోనే ఉండి, ఒక తల్లి కడుపులోని బిడ్డను కాపాడటానికి లేచి నిలబడతాడు. దర్శకుడు నాగ్ అశ్విన్ ఈ రెంటినీ ఒకే తాడుతో కట్టాడు. తాడు గట్టిదా కాదా అన్నదే మావాళ్ల పేచీ.

మా హాస్టల్లో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. మొదటిది సైన్సు పక్షం. కథ క్రీస్తుపూర్వం 3102లో మొదలై క్రీస్తుశకం 2898లో ముగుస్తుందని, వెరసి ఆరువేల ఏళ్లని దర్శకుడే చెప్పాడు గదా. లెక్కల ఎమ్మెస్సీ చదివే మిత్రుడు దాన్ని పట్టుకున్నాడు. "క్రీస్తుపూర్వం 1 తర్వాత వచ్చేది క్రీస్తుశకం 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి 5999 ఏళ్లే!" అన్నాడు. దొంగను పట్టుకున్న కానిస్టేబులులా వారం రోజులు అదే నడక నడిచాడు.

రెండోది పురాణ పక్షం. భారతం సౌప్తికపర్వంలో శ్రీకృష్ణుడు అశ్వత్థామకిచ్చిన శాపం మూడువేల ఏళ్లకే. "శిక్ష ఎప్పుడో పూర్తయింది, ఇంకా విడుదల చెయ్యకపోవడం అన్యాయం" అని ఒక లా విద్యార్థి వకాల్తా పుచ్చుకున్నాడు. మూడోది శుద్ధ అభిమాన పక్షం. హీరో చివరికి కర్ణుడని తేలాక, కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని అర్ధరాత్రి దాకా యుద్ధం. కురుక్షేత్రమైనా పద్దెనిమిది రోజుల్లో ముగిసింది!

సెలవులకు మా ఊరు వెళ్లాను. మాది బీర్కూర్. మంజీర ఒడ్డున, బాన్సువాడ దగ్గర. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. అప్పటికి ఆ సినిమా ఇంట్లో టీవీకే వచ్చేసింది. మా బాపమ్మ మంచంమీద బాసింపట్టు వేసుకుని చూస్తోంది. కల్కి పుట్టబోతున్నాడనగానే ఆవిడ గయ్యిమంది.

"గదేందిరా కొడుకా! కలియుగం గప్పుడే అయిపోయిందా? ఇంకా నాలుగు లచ్చల ఏండ్లున్నది గదరా!"

బడి మొహం చూడని మనిషి. కలియుగానికి 4,32,000 ఏళ్లని, అందులో గడిచినవి ఐదువేల పైచిలుకేనని హరికథల్లో విని గుర్తుపెట్టుకుంది. ఆవిడ లెక్కన కల్కి రావడానికి ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏళ్ల పైమాటే. మా లెక్కల మిత్రుడు పట్టింది ఒక్క ఏడాది తప్పు. బాపమ్మ పట్టింది లక్షల ఏళ్ల తప్పు! ఇక సినిమా కట్టేయమంటుందనుకున్నాను. "పోనియ్‌రా, కథనే గదా" అని మళ్లీ కళ్లింత చేసుకుని ఆఖరుదాకా చూసింది. అయ్యాక అడిగిన మొదటి మాట: "రెండోది ఎప్పుడొస్తదట?"

ఈ "కథనే గదా" అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగింది. చదువుకున్న మేము మూడు పక్షాలై కొట్టుకున్న విషయాన్ని ఆవిడ మూడు ముక్కల్లో తేల్చేసింది. తప్పు పట్టింది, ఆనందించింది, రెంటినీ కలగాపులగం చెయ్యలేదు.

నిజానికి జానపదానికీ యంత్రానికీ మన దగ్గర పాత చుట్టరికమే. కీలుగుర్రం మాటే చూడండి. 1949లో అదే పేరుతో సినిమా వచ్చింది. గుర్రం ఎగరడం అద్భుతమే. అయితే పేరులోనే ఒక "కీలు" ఉంది. పంచతంత్రంలో రాకుమార్తె మీద మనసుపడ్డ సాలెవాడి కోసం మిత్రుడైన వడ్రంగి కొయ్యతో గరుత్మంతుణ్ణి చేసిపెడతాడు. అక్కడ దేవుడి వాహనం కూడా ఉలీ సుత్తీ పట్టినవాడి చేతిపనే. 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన కాలయంత్రానికీ మీటలే ఉన్నాయి. మీట అన్నా కీలు అన్నా పెద్ద తేడా లేదు.

1957 నాటి "మాయాబజార్"లో ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తీసినవారికి తమ ప్రియమైనవారు అందులో కనిపిస్తారు. మన దేశంలో టెలివిజన్ ఢిల్లీలో మొదలైంది 1959లో. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో. అంటే తెలుగువాళ్లు తమ ఇళ్లలో టీవీ చూడటానికి ఇరవై ఏళ్ల ముందే టూరింగు టాకీసుల్లో నేలమీద కూర్చుని ఆ పెట్టెను చూసి మురిసిపోయారన్నమాట. ఆ చిత్రానికి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారే 1991లో "ఆదిత్య 369" తీశారు. కాలయంత్రం ఎక్కినవాళ్లు వెనక్కి వెళితే 1526లో రాయలవారి కొలువు, అక్కడ తెనాలి రామకృష్ణుడు. ముందుకు వెళితే 2504లో అణుధార్మికతకు జడిసి భూగర్భంలో తలదాచుకున్న మనుషులు. జనం ఏ భాగాన్ని ఎక్కువగా తలుచుకుంటారో మా నాన్నను అడిగాను. "రాయలోరి ముచ్చట్నే గదరా" అన్నాడు తడుముకోకుండా. 2025లో మళ్లీ విడుదల చేస్తే ఆనాటి పిల్లలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని పోయారు. ఆ సింగీతం వారే "కల్కి" రచనకు మార్గదర్శకులుగా ఉన్నారు. గురువు చేతిలోంచి శిష్యుడి చేతిలోకి వచ్చిన పెట్టె ఇది. లోపలి బొమ్మలు మారుతున్నాయంతే.

మనకే ఈ పిచ్చి అనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో 1963లో మొదలైన "డాక్టర్ హూ" అనే సైన్సు ధారావాహికలో, 1968లో ఐదు భాగాల కథ ఒకటి వచ్చింది. పేరు "ది మైండ్ రాబర్". కాలయంత్రంలో తిరిగే ఆ డాక్టరు కల్పిత పాత్రలు నివసించే లోకంలో పడతాడు. అక్కడ గలివర్ ఎదురవుతాడు, జానపద కథలోని రపుంజెల్ కనబడుతుంది, ఒంటికొమ్ము గుర్రం మీదికి వస్తుంది. అవి నిజం కావని గట్టిగా నమ్మడమే అక్కడ తప్పించుకునే ఉపాయాల్లో ఒకటి! ఆ సంగతి చదివినప్పుడు నాకు మా బాపమ్మే గుర్తొచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా తమ్ముడు పదో తరగతి. ఆ సెలవుల్లోనే ఒకరోజు ఫోను పట్టుకొచ్చి ఏదో వీడియో చూపించాడు. "అన్నా, బ్రహ్మాస్త్రమంటే ఆటంబాంబేనట గదా? ఇమానాలు, బాంబులు అన్నీ మనోళ్లు ఎప్పుడో కనిపెట్టిన్రట. అన్నీ కనిపెట్టినంక మేం ఫిజిక్స్ ఎందుకు చదవాలె?" అన్నాడు. వాడు వేళాకోళానికి అనలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, వాడికి లెక్కలంటే భయం. ఆ వీడియో వాడి భయానికి ఒక గౌరవప్రదమైన సాకు చూపించింది. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ వెలగబెడుతున్న అన్నగా నాకు గుండెలో కలుక్కుమంది.

పదిహేనేళ్ల పిల్లవాణ్ణి ఏమనగలం? 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో, మన తెలుగు విశ్వవిద్యాలయాలలో ఒకదానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆచార్యుల వారే కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులని, రావణుడికి ఇరవై నాలుగు రకాల విమానాలుండేవని సెలవిచ్చారు. దేశంలో శాస్త్రవేత్తలెందరో నిరసన తెలిపారు. అయినా మాట జనంలోకి పోనే పోయింది.

ఇలాంటి మాటల్ని కోపంతో కొట్టిపారేయనక్కర్లేదు, పరీక్షించవచ్చు. ఆ పని చేసి చూపించినవారున్నారు. ప్రాచీన విమాన విద్య అని ప్రచారంలో ఉన్న "వైమానిక శాస్త్రం" అనే గ్రంథాన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు 1974లో శ్రద్ధగా పరిశీలించారు. అందులోని బొమ్మల ప్రకారం చేస్తే ఏ విమానమూ ఎగరదని, ఆ గ్రంథం 1904కు ముందుది కాదని తేల్చారు. గమనించండి, వాళ్లు పుష్పక విమానాన్ని పరీక్షించలేదు. ఆ అవసరం లేదు. రామాయణం మనల్ని విమానం కట్టమనలేదు. కట్టవచ్చునని కొలతలతో సహా చెప్పిన పుస్తకాన్నే పరీక్షకు పెట్టారు. కథను కథగా వదిలేశారు, దావాను దావాగా విచారించారు.

తమ్ముడితో ఇదంతా చెప్పలేదు. చెబితే లేచిపోయేవాడు. ఒక్కటే అడిగాను: "ఆటంబాంబుకు యురేనియం గని కావాలి. దాన్ని శుద్ధిచేసే కార్ఖానా కావాలి. వేలమంది పనివాళ్లు కావాలి. అశ్వత్థామ కథలో గని ఏది? కార్ఖానా ఏది? కూలి ఎవరికిచ్చిన్రు?" వాడు కాసేపు ఆలోచించాడు. "గడ్డిపోచ మీద మంత్రమేసిండు గదా" అన్నాడు. "మరి ఆ మంత్రం నేర్చుకుంటవా, ఫిజిక్స్ నేర్చుకుంటవా?" అన్నాను. నవ్వాడు. ఆ రాత్రి పుస్తకం తీశాడో లేదో నేను చూడలేదు గాని, ఆ వీడియో మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

అయితే దీనికి విరుగుడుగా మా సైన్సు పక్షంవాళ్లు కొందరు చెప్పే మందు నాకు మింగుడుపడదు. ఈ రాజుల కథలూ రాక్షసుల కథలూ పిల్లలకు చెప్పడమే మానాలట. కొడవటిగంటి కుటుంబరావు గారు బి.ఏ. భౌతికశాస్త్రం చదివినవారు, పక్కా హేతువాది. ఆయనే 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా "చందమామ"ను తీర్చిదిద్దారు. భేతాళుణ్ణి మోసే విక్రమార్కుడి వల్ల తెలుగు పిల్లల బుర్రలు పాడవుతాయని ఆయన అనుకోలేదు. అనుకుంటే ఇరవై ఎనిమిదేళ్లు ఆ పని చేసేవారా? ప్రతి భేతాళ కథా ఒక ప్రశ్నతో ఆగుతుంది. ఇద్దరిలో ఎవరిది ధర్మం, ఎందుకు? కారణం చెప్పాలి. మా హాస్టలు తగవులకు అదే మొదటి బడి.

ఏడు చేపల కథ తీసుకోండి. చేప ఎందుకు ఎండలేదో తెలుసుకోవడానికి రాజకొడుకు చేపను అడుగుతాడు, గడ్డిమోపును అడుగుతాడు, ఆవును అడుగుతాడు. అలా ఒక్కొక్క కారణం వెనక మరో కారణం వెతుక్కుంటూ చీమ దగ్గరికి చేరతాడు. ఎక్కడా "అది దేవుడి లీల" అని ఆగిపోడు. చేపా చీమా మాట్లాడటం అబద్ధమే. అడిగే పద్ధతి మాత్రం నిజం. నేను లాబొరేటరీలో ఈనాడు చేస్తున్నదీ అదే. రీడింగు తప్పొచ్చిందంటే వైరును అడుగుతాను, మీటరును అడుగుతాను, చివరికి ఎక్కడో ఒక చీమ దొరుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మన కథలకు ఒక గడప ఉంది. "అనగనగా" అంటే లోపలికి. "కథ కంచికి, మనం ఇంటికి" అంటే బయటికి. లోపలున్నంతసేపూ గుర్రం ఎగురుతుంది. బయటికొచ్చాక గుర్రానికి గడ్డి వెయ్యాలి. బాపమ్మ తరం ఈ గడప ఎక్కడుందో ఎరుగును. చిక్కల్లా కథను కంచికి పోనివ్వకుండా ఇంటికి తెచ్చి, పాఠ్యపుస్తకం పక్కన కూర్చోబెట్టేవారితోనే. కథను గడప దగ్గరే తరిమేసేవారితోనూ అంతే నష్టం. మొదటివారి వల్ల మా తమ్ముడి చదువు పోతుంది. రెండోవారి వల్ల మా బాపమ్మ కథలు పోతాయి.

ఆ కథలు పోవడం మాట ఊరికే అనడం లేదు. హాస్టలుకు బయల్దేరే ముందు రాత్రి, చిన్నప్పుడు చెప్పిన ఏడు సముద్రాల అవతలి మర్రిచెట్టు కథ చెప్పమన్నాను. నాలుగు సముద్రాలు దాటించాక ఆగిపోయింది. "అటెంక ఏమైతదో యాదికొస్తలేదు బిడ్డా. నువ్వు సదువుకున్నోనివి గదా, నువ్వే చెప్పు" అంది. ఆ కథ ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మిగిలిన మూడు సముద్రాలూ ఆవిడ తలలోనే ఎక్కడో ఉండిపోయాయి.

అందుకని యూనియన్ మిత్రులకు ఒక చిన్న మనవి. వచ్చే ఏడు ఈ సావనీరుకు వ్యాసాలు అడిగేటప్పుడు, ఒక్కొక్కరూ ఇంటి దగ్గర విన్న కథ ఒకటి రాసుకుని రమ్మని అడగండి. ఏ ఊరిదో, ఎవరు చెప్పారో కింద రాయించండి. సైన్సు విద్యార్థుల్నీ వదిలిపెట్టవద్దు. మనలోనూ రేపో మాపో ఒకరు తెలుగులో మంచి సైన్సు కథ రాస్తారు. దానికి సరుకు న్యూయార్కులోనో లండన్‌లోనో వెతుక్కునే పని లేకుండా మన అటకమీదే ఉంటుంది. ఈ దసరా సెలవులకు నేను ఒక నోటుబుక్కూ, రికార్డు చేసే ఫోనూ పట్టుకుని బీర్కూర్ బస్సెక్కుతున్నాను. ఐదో సముద్రం దొరుకుతుందేమో చూడాలి.