పసుపు వెయ్యాలా, నీలం వెయ్యాలా?

మా పిన్ని కూతురు గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ రాసి, విజయవాడలో అర్బన్ అండ్ రీజినల్ ప్లానింగ్ ఎం.ప్లాన్‌లో చేరింది. నిన్న ఫోన్లో ఒకటే గోల. ల్యాండ్ యూజ్ సర్వేకి వన్‌టౌన్‌లో వీధి అప్పగించారట. మ్యాపులో ఇళ్లకి పసుపు, వ్యాపారానికి నీలం వెయ్యాలి. "అక్కా, కింద హోల్‌సేల్ బట్టల కొట్టు, పైన ఓనర్ల కాపురం, మెట్ల కింద జిరాక్స్ మిషను. ఏం రంగు వెయ్యను?" మిక్స్‌డ్ యూజ్ అని ఇంకో గడి ఉందిలే గానీ, ఆ లెక్కన వీధి వీధంతా అందులోకే పోతుంది. మన ఊళ్లు అంతే మరి.

నన్నడిగితే ఈ కోర్సులో అసలు సరుకు "రీజినల్" అన్న భాగంలో ఉంది. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. విశ్వేశ్వరయ్య గారు ఊళ్లో గట్లు కట్టి సరిపెట్టుకోమనలేదు. ఎగువన, అప్పటికి ఊరికి బాగా అవతల, నీళ్లని ఆపమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఊరి కష్టానికి మందు ఊరి పొలిమేర దాటి దొరికింది. ఇప్పుడు ఆ ఎగువనే ప్లాట్లు కావాలంటున్నాం, అది వేరే కథ.

పిన్నికి ఇవేం పట్టవు. "గవర్నమెంటు ఉద్యోగం వస్తుందా రాదా?" అంటోంది. టౌన్ ప్లానింగ్‌లో పోస్టులుంటాయి పిన్నీ, నోటిఫికేషన్ పడాలి.