ఊరు మారిన పిల్ల, యజమాని లేని కుక్క

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల చేతికి మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో బడి గ్రంథాలయం నుంచి తరచుగా వచ్చి చేరే పుస్తకాల్లో కేట్ డికమిల్లో రాసిన ‘బికాజ్ ఆఫ్ విన్-డిక్సీ’ ఒకటి. 2000లో వెలువడి, 2001లో న్యూబెరీ ఆనర్‌ను, అంటే అమెరికా గ్రంథాలయ సంఘం తరఫున బాలసాహిత్యానికి ఏటా ఇచ్చే న్యూబెరీ పతకం తరువాతి స్థాయి గౌరవాన్ని, పొందిన ఈ చిన్న నవల ఒక ఊరకుక్కకూ పదేళ్ల ఒంటరి బాలికకూ కుదిరిన చెలిమిని చెబుతుంది. వలస వచ్చిన తల్లిదండ్రులు దీన్ని పిల్లల ఇంగ్లీషుకు పనికొచ్చే కుక్క కథగా మాత్రమే చూసి పక్కన పెట్టడం కద్దు. అయితే ఊరు మారిన పిల్ల కొత్తచోట మనుషులను ఎలా సంపాదించుకుంటుంది అన్న ప్రశ్నకు ఇంత ఓపికగా జవాబు చెప్పిన పుస్తకాలు తక్కువ కనుక, కాంట్రాక్టు మారినప్పుడల్లా రాష్ట్రం మారుతూ, పిల్లల్ని ఒక బడి నుంచి మరో బడికి తిప్పే ప్రవాస కుటుంబాలు దీన్ని తమ పుస్తకంగా చదువుకోవడంలో ఎంతో న్యాయం ఉంది.

రచయిత్రి జీవితంలోనే ఈ ఊరి మార్పు ఉంది. 1964లో ఫిలడెల్ఫియాలో పుట్టిన డికమిల్లోకు చిన్నతనంలో పదేపదే న్యుమోనియా వస్తూండడంతో, వెచ్చని వాతావరణం మేలు చేస్తుందని ఐదేళ్ల వయసులో తల్లి ఆమెనూ అన్ననూ వెంటబెట్టుకుని ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లెర్మాంట్ అనే చిన్న ఊరికి తరలిపోగా, తండ్రి వెనకే ఉండిపోయాడు, ఆ కుటుంబంలోకి మళ్లీ రాలేదు. ముప్పై ఏళ్ల ప్రాయంలో ఆమె మిన్నియాపొలిస్‌కు మారి, పుస్తకాల గిడ్డంగిలో పిల్లల పుస్తకాల అంతస్తులో పనిచేస్తూ, గడ్డకట్టించే ఒక చలికాలంలో, కుక్కల్ని పెంచుకోనివ్వని అపార్ట్‌మెంటులో ఉంటూ, ఒకపక్క ఫ్లోరిడా ఎండమీదా మరోపక్క కుక్కమీదా బెంగతో ఈ కథను రాసింది. సొంతచోటు మీద బెంగ, తోడు మీద బెంగ కలిసి పుట్టించిన పుస్తకం కనుకనే ఇందులో దుఃఖం ఎక్కడా పెట్టుడు దుఃఖంలా ఉండదు.

కథ జరిగేది ఫ్లోరిడాలోని నేయోమీ అనే కల్పిత గ్రామంలో. ఓపల్ అనే బాలికకు మూడేళ్లప్పుడే తల్లి ఇల్లు విడిచి వెళ్లింది. చర్చి బోధకుడైన తండ్రి ప్రేమగలవాడే అయినా తన బాధలోకి తాను ముడుచుకుపోయిన మనిషి. వారు కాపురం పెట్టిన చోటు ట్రైలర్ పార్కు, అంటే ఒకచోటి నుంచి మరోచోటికి తరలించగలిగే ఇళ్లను వరుసగా నిలిపిన కాలనీ, అక్కడ మామూలుగా పిల్లలకు అనుమతే లేదు. విన్-డిక్సీ అనే పేరుగల కిరాణా దుకాణానికి, అంటే ఆ ప్రాంతంలో నిజంగానే ఉన్న గొలుసు దుకాణాల్లో ఒకదానికి, సరుకుల కోసం వెళ్లిన ఓపల్, లోపల కూరగాయలన్నీ చిందరవందర చేస్తున్న బక్కచిక్కిన కుక్కను పట్టి బందెలదొడ్డికి పంపబోతున్నారని గ్రహించి, అది తనదేనని అప్పటికప్పుడు చెప్పేసి, పేరడిగితే ఎదురుగా కనిపించిన దుకాణం పేరే పెట్టేస్తుంది. ఆ క్షణంలో కుక్కకు యజమాని దొరికినంత నిజంగా, ఆ ఊళ్లో ఎవరికీ ఏమీ కాని పిల్లకు ‘ఫలానా కుక్క తాలూకు పిల్ల’ అన్న గుర్తింపు దొరికింది, మిగిలిన కథంతా ఆ గుర్తింపు చేసిన పనే.

ఈ నవలలో కుక్క పిల్లను ఓదార్చడం కన్నా పిల్లను ఇతరుల గుమ్మాల ముందుకు తీసుకెళ్లడం ఎక్కువగా చేస్తుందన్నది శ్రద్ధగా గమనించవలసిన సంగతి. దానికి ఒంటరిగా ఉండడమంటే భయం కనుక చర్చి బయట కట్టేస్తే ఏడుస్తుంది, లోపలికి రానిస్తే ప్రార్థన మధ్యలో ఎలుకను పట్టి తెచ్చి అందరి చేతా చప్పట్లు కొట్టిస్తుంది. గ్రంథాలయం బయట వదిలితే వెనక కాళ్లమీద నిలబడి కిటికీలోంచి ఓపల్‌ను వెతుకుతుంది, ఆ నీడను ఎలుగుబంటి అనుకుని హడలిపోయిన వృద్ధ గ్రంథపాలకురాలు మిస్ ఫ్రానీ తన చిన్ననాడు నిజంగానే గ్రంథాలయంలోకి వచ్చిన ఎలుగుబంటి కథ చెప్పుకొస్తుంది. మెడపట్టీ, తాడూ కొనే డబ్బు లేక ఓపల్ పెంపుడు జంతువుల కొట్లో ఊడ్చే పనికి కుదిరి, అక్కడే పనిచేసే, జైలుకు వెళ్లొచ్చి మనుషులతో మాట్లాడ జంకే ఓటిస్ అనే అతనికి స్నేహితురాలవుతుంది. కుక్క పరుగెత్తి ఒక పాడుబడ్డట్టున్న దొడ్డిలో దూరితే దాని వెంటబడి వెళ్లి, ఊరి పిల్లలు మంత్రగత్తె అని పిలిచే, చూపు దాదాపు పోయిన ముసలామె గ్లోరియా డంప్‌ను కలుసుకుంటుంది. తల్లి గురించి పది సంగతులు చెప్పమని తండ్రిని అడిగే ధైర్యం కూడా ముందు కుక్కతో మాట్లాడుకున్నాకే వస్తుంది. పిల్లకు అడగడానికి ఒక సాకు, నిలబడడానికి ఒక కారణం, పక్కన ఒక ప్రాణం ఉంటే చాలు, తక్కినది ఆమె చేసుకోగలదు.

పోనుపోను ఆ ఊరి ఒంటరితనం ఒక్క పిల్లదే కాదని తేలుతుంది. మిస్ ఫ్రానీకి తనవాళ్లంటూ ఎవరూ మిగలలేదు, ఓటిస్ గిటారు వినేది పక్షులూ కుందేళ్లే, చిరచిరలాడే అమాండా అనే బాలిక వెనక నీటమునిగి చనిపోయిన తమ్ముడున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మిస్ ఫ్రానీ ముత్తాత తయారుచేసిన తీపి బిళ్లను నోట్లో వేసుకున్న ప్రతివారికీ తీపి కింద తమ దుఃఖమే రుచికి వస్తుందన్న కల్పన పుస్తకమంతటికీ ఆయువుపట్టు. చివర గ్లోరియా పెరట్లో వీళ్లందరూ విందుకు కలుస్తారు, ఉరుములకు బెదిరే కుక్క గాలివానలో కనబడకుండా పోతుంది, వెతకడానికి వెళ్లిన తండ్రీకూతుళ్లు వానలోనే మొదటిసారి మనసు విప్పి మాట్లాడుకుంటారు, కుక్క మాత్రం ఎక్కడికీ పోక ఆ ఇంట్లోనే మంచం కింద దాగి ఉంటుంది. 2005లో దీన్ని సినిమాగా తీసిన దర్శకుడు వేన్ వాంగ్ కూడా, హాంకాంగ్‌లో పుట్టి అమెరికాకు వలస వచ్చి, ఓపల్‌లాగే ఊరు మారినవాడే.

కుక్క మధ్యవర్తిగా ఉంటే ముడుచుకుపోయిన పిల్ల నోరు విప్పుతుందన్నది కథకే పరిమితమైన మాట కాదు. న్యూయార్కులో పిల్లల మానసిక వైద్యం చేసిన బోరిస్ లెవిన్సన్ దగ్గరికి, ఎవరితోనూ కలవని ఒక బాలుణ్ణి తల్లిదండ్రులు చెప్పిన వేళకన్నా ముందే తీసుకురాగా, ఆ సమయంలో గదిలో ఉండిపోయిన ఆయన సొంత కుక్క జింగిల్స్ పిల్లవాడి దగ్గరికి వెళ్లడమూ, వాడు దాన్ని దగ్గరికి తీసుకోవడమూ జరిగాయి. ఆ అనుభవం మీద ఆయన కుక్కను సహవైద్యుడిగా పేర్కొంటూ 1962లో రాసిన వ్యాసం, 1969లో ప్రచురించిన పుస్తకం, జంతువుల తోడుతో చేసే చికిత్స అనే విభాగానికి పునాదులయ్యాయి. చికిత్సలో ఆ బాలుడు ముందు కుక్కతో ఆడుకునేవాడు, ఆ ఆటలోకి క్రమంగా వైద్యుడూ చేరగలిగాడు. ఓపల్ విషయంలో ఊరు ఊరంతా చేరినదీ అలాగే.

అయితే ఇప్పటి అమెరికా నగర శివార్లలో ఓపల్‌కు దొరికినట్టు యజమాని లేని కుక్క పిల్లల దారికి ఎదురుకావడం అరుదు. రోడ్డుమీద ఒంటరిగా తిరిగే కుక్క కనబడితే స్థానిక పాలనకు చెందిన జంతు నియంత్రణ విభాగం పట్టి షెల్టరుకు, అంటే జంతు సంరక్షణ కేంద్రానికి, చేరుస్తుంది; చర్మం కింద అమర్చిన చిప్పు ఉందేమో యంత్రంతో చూస్తారు; చట్టం చెప్పిన కొద్దిరోజుల గడువులో యజమాని రాకపోతే దత్తతకు పెడతారు, తీసుకునేవారు లేనివాటిలో కొన్నిటికి చావు తప్పదు. ఈ కట్టుదిట్టానికి బలమైన కారణం ఉంది: దశాబ్దాల టీకాల ఫలితంగా కుక్కల నుంచి కుక్కలకు వ్యాపించే రేబిస్ రకం దేశంలో లేదని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2007లో ప్రకటించగలిగింది. పిల్లల ప్రాణాలు కాపాడిన ఆ ఏర్పాటును తప్పుపట్టవలసిన పని లేదు, కాని దాని వల్ల కుక్క అనేది దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, ఇంటి యజమాని అనుమతి తెచ్చుకుని పొందవలసిన తోడు అయిందన్నదీ వాస్తవమే.

ప్రవాస తెలుగు ఇళ్లలో ఈ దరఖాస్తు మొదట తల్లిదండ్రుల ముందే ఆగుతుంది. అపార్ట్‌మెంటులో కుక్క కోసం విడిగా కట్టవలసిన డిపాజిట్టూ నెలనెలా అద్దే, స్వదేశానికి వెళ్లినప్పుడు దాన్ని ఎక్కడ ఉంచాలన్న చింతా, పూజగది ఉన్న ఇంట్లో మడి మైల పట్టింపూ కలిసి ‘వద్దులే అమ్మా’ అన్న జవాబుగా బయటికి వస్తాయి. ఈ అభ్యంతరాల్లో ఖర్చుకూ ప్రయాణానికీ సంబంధించినవి న్యాయమైనవే. మడి మాట మాత్రం ఒకసారి ఆలోచించుకోదగినది, ఎందుకంటే మన సంప్రదాయం కుక్కను గడప బయటి ప్రాణిగా మాత్రమే చూడలేదు: నన్నయ తెలుగు చేసిన భారతం మొదట్లోనే, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొడితే దాని తల్లి సరమ రాజును సభలో నిలదీసి, తగునో తగదో ఆలోచించక సాధువులనూ పేదలనూ హింసించేవారికి ఆపదలు తప్పవని హెచ్చరించి వెళ్లిన ఘట్టం ఉంది. మరొక సంగతి, సందర్శకుల వీసామీద ఆరు నెలలకు వచ్చిన తాతయ్యలూ అమ్మమ్మలూ, పగలంతా ఇల్లు ఖాళీ అయ్యాక, పలకరించే మనిషి లేని వీధుల్లో ఒంటరిగా నడుస్తుంటారు. అదే చేతిలో కుక్క తాడు ఉంటే ఎదురింటివారు ఆగి పేరడుగుతారు, ఆ పేరు కుక్కదే అయినా పరిచయం మనిషికే దక్కుతుంది.

కుక్కను పెంచుకోలేని కుటుంబాలకు గ్రంథాలయాలు ఒక దారి చూపాయి. 1999లో సాల్ట్‌లేక్ సిటీలో మొదలై అనేక ఊళ్లకు పాకిన ఒక కార్యక్రమంలో, శిక్షణ పొందిన కుక్కను చాపమీద కూర్చోబెట్టి, పిల్లలు ఒక్కొక్కరుగా దానికి పుస్తకం చదివి వినిపించే ఏర్పాటు చేశారు. ఉచ్చారణను సరిదిద్దని, తడబాటుకు నవ్వని శ్రోత దొరికినప్పుడు పిల్లల గొంతు పెరుగుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. ఇంట్లో తెలుగూ బడిలో ఇంగ్లీషూ మాట్లాడుతూ రెండుచోట్లా యాస గురించి వినవలసివచ్చే పిల్లలకు ఇంతకన్నా మంచి శ్రోత దొరకదు. ఆ చాపమీద తెలుగు వాచకం తెరిచినా ఆ కుక్క అంతే శ్రద్ధగా వింటుంది.

వలసకు రెండో కొస కూడా ఉంది, దాని గురించి చెప్పుకోవడం తక్కువ. ఉమ్మడి కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటి పనులకు వెళ్లిన తల్లుల పిల్లలూ, ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్ వంటి చోట్లకు వెళ్లిన తండ్రుల పిల్లలూ అమ్మమ్మల దగ్గరా నాయనమ్మల దగ్గరా పెరుగుతున్నారు. అమెరికా పిల్లకు తల్లిదండ్రులు ఉండి ఊరు లేదు, ఈ పిల్లలకు ఊరు ఉండి తల్లో తండ్రో దగ్గర లేరు. ఓపల్‌కు నిజంగా దగ్గరి చుట్టాలు వీరే. వీరి వీధుల్లో ఊరకుక్క ఇంకా ఉంది. నాలుగిళ్ల మిగులన్నంతో బతుకుతూ, ఏ అరుగు నీడలోనో పడుకుంటూ, ఎవరిదీ కాకుండా అందరిదీ అయి, తనకు పేరు పెట్టిన పిల్లవాడి వెంట బడి గేటు దాకా నడుస్తుంది. ఫోనులో అమ్మకు చెప్పడానికి బడి మార్కులు తప్ప ఏమీ తోచని పిల్ల, కుక్క ఈనిందనో దాని పిల్లలు కళ్లు తెరిచాయనో చెప్పబోయి మాటలు ఆపలేకపోతుంది.

ఈ చెలిమిని పొగిడేటప్పుడు భయాన్ని దాచకూడదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణం కోల్పోయాడు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం భారతదేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కలను పట్టి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరించి, పట్టినచోటే వదలాలన్న జంతు జనన నియంత్రణ నిబంధనలు 2001 నుంచి ఉన్నాయి, 2023లో వాటిని కొత్తగా రాశారు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ కేంద్రాలకు తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెల 22న ఆ ఉత్తర్వును సవరించి, రేబిస్ సోకినవీ దుడుకైనవీ తప్ప మిగిలినవాటిని సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా తరువాత తిరిగి వదలమంది. నవంబరులో మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో వాటిని మళ్లీ వదలవద్దని ఆదేశించింది. బడి గేటు దాకా పిల్లవాడి వెంట వచ్చే కుక్క ఆ గేటు బయటే ఆగాలన్నది దీని సారం. అది అన్యాయం కాదు, టీకా లేని కుక్కను పిల్లల మధ్య వదిలేయడమే అన్యాయం.

ఊరిమీద ప్రేమతో గుడి గోపురానికీ బడి గదులకూ మంచినీటి ప్లాంటుకూ డబ్బు పంపే ప్రవాసుల జాబితాలో ఊరకుక్కల టీకా ఇంతవరకు పెద్దగా కనిపించదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా పడితే వాటిలో రేబిస్ వ్యాప్తి తెగిపోతుందని నిపుణులు లెక్కకట్టారు, ఒక గ్రామంలోని కుక్కలకు ఆ టీకాల ఖర్చు గోపురం ఖర్చు ముందు చాలా చిన్న మొత్తం. స్థానిక పశువైద్యశాలతోనూ పంచాయతీతోనూ మాట్లాడి ఆ ఏర్పాటు చేసి, దానితోపాటు తింటున్న కుక్కనూ పిల్లలకు పాలిస్తున్న కుక్కనూ ముట్టుకోకూడదనీ, కరిస్తే గాయాన్ని సబ్బుతో పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలనీ బడిలో పిల్లలకు చెప్పించగలిగితే, కువైట్‌లో ఉన్న ఆ తల్లి తన బిడ్డ చెప్పే కుక్క కబుర్లను గుండెలో దిగులు లేకుండా వినగలుగుతుంది.