పోర్ట్ అని పిలిస్తే ఇద్దరు పలికినారు

తిరుపతిలో చదువుకుంటున్న మేము ముగ్గురం కలిసి రాస్తున్న పోస్టు ఇది. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

మన తండాల, కాలనీల పిల్లలకు స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీట్ల వివరాలు ఒకచోట దొరకాలని చిన్న వెబ్‌సైటు పెట్టినాం. సర్వర్ పనులకు అన్సిబుల్ వాడతాం. ఇది 2012లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. సర్వర్లో ఏమేం ఉండాలో ఫైళ్లలో రాసిస్తే, చదివి అట్లే చేసిపెడుతుంది.

సరిగ్గా అప్లికేషన్ల గడువు వారంలో సైటు పడిపోయింది. తెల్లవార్లూ వెతికితే తప్పు ఒక పేరులో దొరికింది. వెబ్ సర్వర్ రోల్‌లో ‘పోర్ట్’ అని రాసుకున్నాం, డేటాబేస్ రోల్‌లోనూ ‘పోర్ట్’ అనే రాసుకున్నాం. వెబ్ కోసమని గ్రూప్ వేరియబుల్స్‌లో పోర్ట్ 8080 అని పెట్టినాం. రోల్ డిఫాల్ట్ కంటే గ్రూపులో రాసిందే చెల్లుతుంది. దాంతో 3306లో ఉండాల్సిన డేటాబేస్ పోయి 8080లో కూర్చుంది. వెబ్ సర్వర్‌కు చోటే లేదు!

తిరుపతిలో ఉండి మాకిది తట్టకపోవడమే వింత. ఇక్కడ బజార్లో ‘బాలాజీ’ అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందుకే ఇంటిపేరు కలిపి పిలుస్తాం. వేరియబుల్‌కు రోల్ పేరే ఇంటిపేరు: వెబ్_పోర్ట్, డీబీ_పోర్ట్. మధ్యలో అండర్‌స్కోరే పెట్టాలి, హైఫన్ ఒప్పుకోదు. మొదటి అక్షరం అంకె కాకూడదు. రోల్‌కు పేరు పెట్టేటప్పుడు అది చేసే పనిని బట్టి పెట్టాలి. ‘కొత్తది’, ‘ఫైనల్2’ అని మేం పెట్టిన పేర్లు ఆర్నెల్లకు మాకే అర్థం కాలేదు.

పేరు తేడా వస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా జూనియర్ చెల్లెలికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, కులం సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది. కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు. స్కాలర్‌షిప్పు ఆగిపోయింది, వాళ్లమ్మ కూలి మానుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది.

రేపు మేం ఉద్యోగాలకు పోతే ఈ కోడ్ చూసుకునేది జూనియర్లే. మాకు మాత్రమే తెలిసిన పేర్లు పెడితే వాళ్లకు తలుపు మూసినట్టే. అందుకే పేర్ల పద్ధతి ఒక్క పేజీలో రాసి రీడ్‌మీలో పెట్టినాం. నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు కామెంట్ పెట్టండి, కూర్చుని చూపిస్తాం. అట్లే ఈరోజే మీ సర్టిఫికెట్లన్నీ తీసి, పేరు ఒకే రకంగా ఉందో లేదో చూసుకోండి.