అరుగు మీద అల్లిక బడి

అంతర్వేది చూసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. మధ్యాహ్నం వేళ ఆ చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని అరుగుల మీద ఇప్పటికీ ఓ చక్కటి దృశ్యం... అమ్మమ్మ, అమ్మ, కూతురు. ముగ్గురి ఒళ్లోనూ దారపు ఉండలే! కబుర్లు ఆగవు, సూదీ ఆగదు.

పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన లేసు అల్లిక ఇది. తర్వాత అమ్మే పంతులమ్మ అయింది. ముందు గొలుసు, ఆపైన పువ్వు. తప్పు పడితే తిట్లేమీ ఉండవు, అమ్మ దారం కొస పట్టి లాగుతుందంతే. అల్లిందంతా ఊడి మళ్లీ మొదటికి! పువ్వులల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని.

ఆ పువ్వులు సముద్రాలు దాటాయి. అల్లిన చేతులకు దక్కింది మాత్రం దారం లెక్కన నాలుగు రూకలు. రోజంతా సూది వదలని వీళ్లను 'ఖాళీగా ఉన్న ఇల్లాళ్లు'గానే చూశారని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఏకంగా పుస్తకమే రాశారు. అవును మరి, అరుగు మీద కూర్చుని చేస్తే అది పనెలా అవుతుంది!

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తల్లుల చిక్కు మాత్రం తీరలేదు. నేర్పకపోతే విద్య తమతోనే పోతుంది. నేర్పితే, చదువుకోవాల్సిన పిల్ల ఈ కూలికే అతుక్కుపోతుందేమో! అందుకే ముందు కాలేజీ, సెలవుల్లోనే సూది.

వంట పొద్దయిందని అమ్మ లేస్తే, సగం పువ్వు కూతురు చేతికొస్తుంది. అమ్మ ఎక్కడ ఆపిందో, అమ్మాయి ఎక్కడ అందుకుందో అతుకుపని చేసే అమ్మమ్మ వేళ్లకు తెలిసిపోతుంది.